నేను కొట్టేసిన హ్యాడ్

కిందటి నెల ఒక ఆదివారం, పై వాటాలో అద్దెకుంటున్న భార్గవి ఫోను పట్టుకుని కిందికి దిగి వచ్చింది. ఆ అమ్మాయికి అచ్యుతాపురంలో ఏదో ఫ్యాక్టరీలో ఉద్యోగం, పనివాళ్ళ భద్రత చూసుకోవాలి. అక్కడ ఎవరో నిచ్చెన మీంచి జారిపడ్డాడట. పెద్ద దెబ్బలేమీ తగల్లేదట గాని రిపోర్టు మాత్రం ఇంగ్లీషులో పంపాలట. రాసింది. ఒక మాట కింద ఫోను గీత గీసి, ఇది అక్కర్లేదు, తీసెయ్యమంటోందట. మీరు ఇంగ్లీషు టీచరు కదా ఆంటీ, ఈ హ్యాడ్ ఉంచాలా తీసెయ్యాలా అని అడిగింది. కళ్ళజోడు వెతుక్కుని చదివాను. నిచ్చెన మెట్టు కదులుతోందని ఆ పనివాడు అంతకుముందే చెప్పాడన్న వాక్యం అది. ఉంచమన్నాను. ఎందుకని అడిగింది. ముప్పై ఏళ్ళు నల్లబల్ల ముందు నిలబడి చెప్పిన పాఠమే. అయినా ఆవేళ నోరు తెరిచి చెప్పే ఓపిక లేకపోయింది. ఉంచమ్మా, అంతే, అన్నాను. ఆ అమ్మాయి నా ముఖం ఒకసారి చూసి, థాంక్స్ చెప్పి మెట్లెక్కి వెళ్ళిపోయింది. నేను చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను. పొయ్యి మీద పప్పు అడుగంటిన వాసన వస్తేగాని లేవలేదు.

నా చిన్నప్పుడు మేం పాతవూళ్ళో, పూర్ణా మార్కెట్టుకి ఎగువనున్న ఒక సందులో ఉండేవాళ్ళం. నాన్న రైల్వేలో ఫిట్టరు. అమ్మ పెద్దాసుపత్రిలో నర్సు, డ్యూటీలు మారుతూ ఉండేవి. అందుకని మా ఇల్లు నడిపింది మా మేనత్త. నాన్నకి అక్క, పేరు రూతు. మిషన్ బడిలో ఇంగ్లీషు చెప్పి చెప్పి రిటైరై, పెళ్ళీ పిల్లలూ లేక, ఒక రేకు పెట్టెతో, రెండు నిఘంటువులతో మా ఇంటికి వచ్చేసింది. తెల్లచీర, సన్నటి నీలం అంచు, యూకలిప్టస్ నూనె వాసన. ఉదయం ప్రార్థన అయ్యాక కుంపటి అంటించి చికోరీ ఎక్కువ వేసిన కాఫీ పెట్టేది. తరవాత తడిగుడ్డ పట్టుకుని కిటికీలన్నీ తుడిచేది. హార్బరు వైపు నుంచి ఇనప ఖనిజం ధూళి ఎర్రగా వచ్చి ఎక్కడబడితే అక్కడ కూర్చునేది. ఆరేసిన బట్టలు సాయంత్రానికి లేత ఎరుపు తిరిగేవి. అత్త పొద్దున్నా సాయంత్రం ఆ ధూళిని తుడుస్తూనే ఉండేది. ఎందుకత్తా, మళ్ళీ పడుతుంది కదా అంటే, పడితే మళ్ళీ తుడుస్తాననేది. మార్కెట్టు నుంచి గాలి ఎటు తిరిగితే అటు ఉల్లిపాయల వాసనో, బెల్లం వాసనో, ఎండు నెత్తళ్ళ వాసనో సందులోకి ఎక్కి వచ్చేది. ఓడలు కూత వేసినప్పుడు అత్త మాట ఆపి, కూత అయిపోయాక ఆపిన చోటు నుంచే మొదలుపెట్టేది.

అత్త బడి మానేసినా బడి అత్తని మానలేదు. సాయంత్రం మా వరండాలో ఏడెనిమిది మంది పిల్లలు చాపల మీద కూర్చునేవారు. వాళ్ళకి ఒక గంట పాఠం. నాకు మాత్రం రోజంతా పాఠమే. అన్నం వడ్డిస్తూ గరిటె గాల్లో ఆపి, చేతులు కడుక్కున్నావా అని ఇంగ్లీషులో అడిగేది. ఐ వాష్డ్ అంటే గరిటె దిగేది కాదు. ఐ హ్యావ్ అనాలి. ఎప్పుడో కడుక్కున్నావని కాదు నేనడిగింది, ఇప్పుడు నీ చేతులు శుభ్రంగా ఉన్నాయా లేదా అని అడిగాను, అనేది. పులుసు చల్లారిపోయేది, నాన్న విసుక్కునేవాడు. ఆమె పట్టించుకునేది కాదు. క్రియ ఎప్పటిదో తెలియని వాక్యం తేదీ లేని ఉత్తరంలాంటిదని ఆమె నమ్మకం.

అన్నిటికంటే ఆమెకి కోపం తెప్పించేది హ్యాడ్. మనవాళ్ళకి ఇదొక జబ్బనేది. నిన్న బజారుకి వెళ్ళానని చెప్పడానికి ఐ వెంట్ అంటే చాలు. ఐ హ్యాడ్ గాన్ అంటారు. హ్యాడ్ తగిలిస్తే ఇంగ్లీషు బరువుగా వినబడుతుందని మోజు. రెండు పనులు జరిగినప్పుడు వాటిలో ముందు జరిగినదానికే హ్యాడ్, ఒక్క పనే ఉంటే దాని జోలికే పోవద్దు, అని ఎన్నిసార్లు చెప్పిందో. పిల్లల నోటుపుస్తకాల్లో అనవసరంగా కనబడిన ప్రతి హ్యాడ్‌నీ ఎర్రసిరాతో అడ్డంగా కొట్టేసేది. నాకు పదిహేడేళ్ళు వచ్చేసరికి ఆ ఎర్రసిరా సీసా నా చేతికిచ్చింది. ఇంటర్మీడియట్ చదువుతున్నాను, సాయంత్రం చిన్నపిల్లల పుస్తకాలు నేనే దిద్దేదాన్ని. హ్యాడ్ కనబడితే కొట్టెయ్యడంలో ఒక సంతోషం ఉండేది. ఆమె చెప్పిన రెండు ముక్కల్లో నేను ఒక్కటే పట్టుకున్నానని అప్పుడు నాకు తెలియదు.

మా ఇంటి వెనక వాటాలో సన్యాసినాయుడు, ఆయన భార్య పైడమ్మ ఉండేవారు. బొబ్బిలి వైపు పల్లె. ఉన్న కాస్త భూమి తమ్ముళ్ళకి వదిలేసి వచ్చి, ఓడల్లో సరుకు దింపే ఒక ప్రైవేటు కంపెనీలో వించి నడిపేవాడు. ఓడ అడుగునున్న బస్తాల్ని వైరుతో పైకి లాగి గట్టు మీదికి దించే యంత్రం అది. పొట్టిగా, నల్లగా, గట్టిగా ఉండేవాడు. పని నుంచి వచ్చాక కుళాయి దగ్గర కూర్చుని మోచేతుల దాకా సబ్బు పెట్టి ఎంతసేపో తోముకునేవాడు. నేను మావయ్యా అనేదాన్ని, ఆయన పాపా అనేవాడు. పల్లె నుంచి ఎవరొచ్చినా వాళ్ళు తెచ్చినదాంట్లో మాకు సగం ఇచ్చేసేవాడు. జీలుగుబెల్లం, పనసకాయ, కొత్త రాగులు. ఆయనకి ఇంగ్లీషు రాదు, తెలుగులో సంతకం చెయ్యడం వచ్చు. అత్తని టీచరమ్మగారు అని పిలిచేవాడు, ఆమె ముందు ఎప్పుడూ కుర్చీలో కూర్చోలేదు.

ఆ ఏడాది ఎండలు ముదరకముందు అత్త కంటికి శుక్లం తీశారు. ఇప్పటిలా పొద్దున వెళ్ళి మధ్యాహ్నానికి ఇంటికి రావడం కాదు. రోజులకి రోజులు కదలకుండా పడుకోబెట్టి, కట్టు కట్టి పంపారు. చదవకూడదు, వంగకూడదు, దగ్గకూడదు. ఇంకో కంటికీ చూపు అంతంతమాత్రమే. అత్త ముందుగదిలో మంచం మీద పడుకుని, ఇంట్లో ఎక్కడ ఏ చప్పుడైనా అదేమిటని అడుగుతూ ఉండేది. సరిగ్గా ఆ రోజుల్లోనే ప్రమాదం జరిగింది. వించి వైరు తెగి, బస్తాల వల ఓడలోపలే పడిపోయింది. కింద నిలబడి బస్తాలు వలకెత్తే ఎర్రయ్య అనే కళాసీ కాలు నుజ్జయింది. ఎర్రయ్యా నాయుడూ ఒకే ఈడువాళ్ళు, కంపెనీలో ఒకే రోజు చేరినవాళ్ళు, బావా అంటే బావా అనుకునేవాళ్ళు. ఎర్రయ్యని అమ్మ పనిచేసే వార్డుకే తీసుకొచ్చారు.

రెండు రోజుల తరవాత ఒక శనివారం మధ్యాహ్నం నాయుడు మా ఇంటికి వచ్చాడు. ఏం జరిగిందో ఇంగ్లీషులో రాసి సోమవారానికల్లా ఇమ్మని కంపెనీ అడిగింది. విచారణకి పైనుంచి వచ్చిన ఆఫీసరుకి తెలుగు రాదట. గేటు దగ్గర అర్జీలు రాసే మనిషి కంపెనీవాళ్ళు చెప్పినట్టే రాస్తాడని ఆయనకి భయం. టీచరమ్మగారు రాస్తే నిజం రాస్తారు అన్నాడు. అత్త మంచం మీంచే, నా బదులు ఎస్తేరు రాస్తుంది, నాకెంత వచ్చో దానికీ అంత వచ్చు, అంది. ఆ మాట నాకు తలకెక్కింది. అత్త పద్ధతి ఒకటుండేది. ఎవరికి ఏం రాసిపెట్టినా ముందు వాళ్ళు చెప్పింది వాళ్ళ తెలుగులోనే రాసుకుని, దాని కింద ఇంగ్లీషు రాసేది. నేనూ అలాగే నోటుపుస్తకం తీసుకుని గుమ్మంలో కూర్చున్నాను. నాయుడు మెట్టు మీద కూర్చుని నెమ్మదిగా చెప్పాడు. పొద్దున పనిలోకి దిగగానే వైరు చూసుకున్నాడు. పోగులు తెగి ముళ్ళలా లేచి ఉన్నాయి. వెంటనే మేస్త్రీకి చెప్పాడు. ఓడ వెళ్ళిపోవాలి, ఇవాళ్టికి దీంతోనే లాగెయ్యి, రేపు మారుద్దామన్నాడు మేస్త్రీ. అన్నాల వేళ దాటాక లోడు పడిపోయింది. ఇప్పుడు మేస్త్రీ, నాకు ముందెవడూ చెప్పలేదు, లోడు పడ్డాకే అరిచాడు, అంటున్నాడు.

“ఈ ఒక్క ముక్క సరిగా రాయి పాపా,” అన్నాడు నాయుడు. “లోడు పడీటప్పటికే నాను మేస్త్రీకి సెప్పీసినాను, వైరు పాడైపోనాదని. ఎనక సెప్పింది కాదు.”

అది అలాగే రాసుకున్నాను. దాని కింద ఇంగ్లీషులో, వెన్ ద లోడ్ ఫెల్, ఐ హ్యాడ్ టోల్డ్ ద మేస్త్రీ దట్ ద వైర్ వాజ్ బ్యాడ్, అని రాశాను. మేస్త్రీకి చెప్పిన సంగతి ఆ ఒక్క వాక్యంలో వచ్చేసిందనుకుని, పొద్దున చెప్పడం, మేస్త్రీ జవాబు విడిగా ఇంగ్లీషులో పెట్టలేదు. మొత్తం ఒక పేజీ అయింది. నాయుడు సాయంత్రం వచ్చి తీసుకెళ్తానని వెళ్ళాడు. నేను తెల్లకాగితం మీద సాపు రాయడానికి కూర్చున్నాను. చూస్తే పేజీ నిండా హ్యాడ్‌లే. ఐ హ్యాడ్ కమ్, ఐ హ్యాడ్ సీన్, ఐ హ్యాడ్ ఈటెన్. అత్త చూస్తే నవ్వుతుందనిపించింది. చాలా సిగ్గేసింది. నేను నోటుపుస్తకాలు దిద్దేదాన్ని, నా రాతలో ఇన్నా అనుకుని, ఒక్కొక్కటీ కొట్టేస్తూ సాపు రాశాను. చాలా చోట్ల కొట్టెయ్యవలసినవే. ఆ ఊపులో ఆ ఒక్క వాక్యంలోదీ పోయింది. వెన్ ద లోడ్ ఫెల్, ఐ టోల్డ్ ద మేస్త్రీ. లోడు పడినప్పుడు మేస్త్రీకి చెప్పాను. వాక్యం పొందికగా, అందంగా ఉంది. తప్పు ఎక్కడా లేదు.

అత్త లోపల్నుంచి, ఒకసారి నాకు చదివి వినిపించమంది. ఈస్టర్ దగ్గర పడుతోంది, నాలుగు గంటలకి చర్చిలో పాటల ప్రాక్టీసు. ఆ ఏడు నాకు ఒంటరిగా పాడే చరణం ఒకటిచ్చారు. అప్పటికే ఓణీ వేసేసుకుని, జడలో పువ్వులు పెట్టుకుని ఉన్నాను. చూసుకున్నానత్తా, అంతా సరిగానే ఉంది, అన్నాను. సరే, నువ్వు చూశాక ఇంకేముందిలే, అంది అత్త. నేను కాగితం మడిచి పైడమ్మ చేతికిచ్చి వెళ్ళిపోయాను. ఆరోజు పాట బాగా పాడానని అందరూ మెచ్చుకున్నారు.

విచారణ పదిరోజుల తరవాత జరిగింది. మిట్టమధ్యాహ్నం నాయుడు తిరిగొచ్చి, మూత తియ్యని అన్నం క్యారియరు పక్కన పెట్టుకుని మా వరండా మెట్ల మీద కూలబడ్డాడు. అత్త కట్టు విప్పి నల్లద్దాలు పెట్టారు, గోడ పట్టుకుని బయటికి వచ్చింది. నేను తలుపు వెనక ఉన్నాను. ఆఫీసరు ఆ కాగితం తీసి ఒక ముక్క చదివాడట, గుమాస్తా దాన్ని తెలుగులో చెప్పాడట.

“లోడు పడినప్పుడు సెప్పినానని నువ్వే రాసిచ్చినావు గదా అంతన్నారండి,” అన్నాడు నాయుడు. “కాదు బాబూ, పొద్దున్నే సెప్పినాను అన్నాను. అయితే కాయితం అబద్ధమా, నీ నోరు అబద్ధమా అని అడిగినారు. ఏటి సెప్పను టీచరమ్మగారు? సంతకం నాదే.”

ఆయన్ని పనిలోంచి తీసేశారు. అంతకంటే ఆయనకి తగిలిన దెబ్బ ఇంకొకటి. ఆ కబురు వార్డుకి వెళ్ళింది. అప్పటిదాకా రోజూ ఆసుపత్రికి వెళ్ళి ఎర్రయ్య మంచం దగ్గర కూర్చునేవాడు నాయుడు. ఆ సాయంత్రం వెళ్తే ఎర్రయ్య భార్య గుమ్మంలోనే అడ్డం నిలబడి, వైరు బాగులేదని తెలిసీ నోరుమూసుకున్నోడివి ఇంకెందుకొచ్చినావని అడిగిందట. ఎర్రయ్య గోడ వైపు తిరిగి పడుకున్నాడట. ఇది మాకు అమ్మ చెప్పింది. నాయుడు చెప్పలేదు.

ఆయన వెనక వాటాలోకి వెళ్ళిపోయాక అత్త నన్ను పిలిచి, ఆ నోటుపుస్తకం తెమ్మంది. ఆమెకి అక్షరాలు ఇంకా కనబడడం లేదు. నాయుడి తెలుగు వాక్యం చదవమంది, చదివాను. కిందున్న ఇంగ్లీషు చదవమంది. హ్యాడ్‌తోనే చదివాను.

“బాగానే ఉంది కదా,” అంది అత్త. “కాగితంలోనూ ఇదే రాశావా?”

నేను పుస్తకం మూశాను. ఆమె నల్లద్దాలు నా వైపే ఉన్నాయి.

“తీసేశానత్తా,” అన్నాను.

“ఎందుకు?”

“ఎక్కువైపోయాయని.”

ఆమె తిట్టలేదు. మంచం అంచు తడుముకుని కూర్చుని, నేను వినిపించుకోవలసింది, అంది. ఆ మాటకి నాకు ఏడుపొచ్చింది. తిట్టి ఉంటే బాగుండేది.

మర్నాడు అత్త ఇస్త్రీ చీర కట్టుకుని, గొడుగు తీసుకుని, నా భుజం పట్టుకుని బయల్దేరింది. ఎండలోకి వెళ్ళకూడదని డాక్టరు చెప్పాడని అమ్మ ఎంత మొత్తుకున్నా వినలేదు. హార్బరు దగ్గర ఆ కంపెనీ ఆఫీసులో మమ్మల్ని ఒక బల్ల మీద కూర్చోబెట్టారు. ఆఫీసరు మర్యాదస్తుడే. కుర్చీ వేయించాడు, మజ్జిగ తెప్పించాడు. అత్త ఆయనకి ఇంగ్లీషులో నింపాదిగా వివరించింది. నాయుడు చెప్పిన తెలుగు ఇది, మా తెలుగులో పడీటప్పటికే అన్న మాట చివర ఒక చిన్న అక్షరం ఉంది, దాని అర్థం అంతకుముందే అని, దానికి ఇంగ్లీషులో రావలసిన మాటని ఈ పిల్ల వదిలేసింది, తప్పు పిల్లది, పిల్లకి నేర్పింది నేను గనక తప్పు నాది, ఆ మనిషిది మాత్రం కాదు. ఆయన నోటుపుస్తకం అటూ ఇటూ తిప్పి చూశాడు. మీ ఇంగ్లీషు చాలా బాగుంది మేడమ్ అన్నాడు. కానీ సంతకం పెట్టింది ఈ కాగితం మీద. ఆ పుస్తకంలోది తరవాత ఎప్పుడైనా రాసి ఉండవచ్చు కదా అన్నాడు. అత్త, నేను అబద్ధం చెబుతున్నానా అని అడిగింది. అలా అనలేదు అన్నాడు. అత్త ఒక ఉత్తరం రాయించి తెచ్చింది, అది తీసుకుని ఫైల్లో పెట్టాడు. దానికి జవాబు ఎప్పుడూ రాలేదు.

తిరిగి వస్తున్నప్పుడు బస్సులో అత్త కిటికీ వైపు తిరిగి కూర్చుంది. సింధియా స్టాపు దాటాక అంది, “నాయుడికి నువ్వే చెప్పు ఎస్తేరూ. నేను చెప్పను. అది నీ నోటితో రావాలి.”

సరే అన్నాను. చెప్పలేదు. రేపు చెబుదాం అనుకున్నాను, ఆదివారం చెబుదాం అనుకున్నాను. ఆయన కుళాయి దగ్గర ఉంటే బిందె అక్కడే వదిలేసి లోపలికి వచ్చేసేదాన్ని. కాలేజీకి వెనక సందులోంచి చుట్టుతిరిగి వెళ్ళేదాన్ని. ఆయనకి మాత్రం ఏ అనుమానమూ లేదు. టీచరమ్మగారు నాకోసం కళ్ళు కూడా చూసుకోకుండా ఎండలో ఎల్లినారు అని పల్లె నుంచి వచ్చినవాళ్ళకి చెబుతుంటే వినేదాన్ని. కొన్నాళ్ళకి ఆటోనగర్‌లో ఒక వెల్డింగు షెడ్డులో పని దొరికింది. సామాను రిక్షాలో ఎక్కించుకుని గాజువాక వైపు వెళ్ళిపోయారు. వెళ్తూ పైడమ్మ, బాగా సదువుకో పాపా అని నా బుగ్గలు నిమిరింది. రిక్షా మలుపు తిరిగాక నాకు కలిగింది ఊరట. అది చెప్పుకోవడానికి ఇన్నేళ్ళ తరవాత కూడా ముఖం చెల్లడం లేదు.

అత్త మళ్ళీ నన్ను ఆ విషయం అడగలేదు. చూపు కొంత వచ్చింది, దళసరి అద్దాలతో మళ్ళీ వరండాలో పాఠాలు మొదలుపెట్టింది. కానీ నన్ను దిద్దడం మానేసింది. ఇంట్లో నేను ఏ కాలంలో మాట్లాడినా గరిటె ఆగేది కాదు, అన్నం వెంటనే పళ్ళెంలో పడేది. నేను డిగ్రీ చేశాను, ట్రైనింగు చేశాను, బడిలో ఇంగ్లీషు టీచరునయ్యాను. మొదటి జీతం రోజున ఆమెకి చీర తెస్తే కళ్ళకద్దుకుని పెట్టెలో పెట్టింది. ఆ ఏళ్ళన్నిటిలో ఆమె నాతో కోపంగా ఒక్క మాట అనలేదు. నేను ఎదురు చూస్తూనే ఉన్నాను.

బడిలో నేను మంచి టీచరునని పేరు. ఏ వాక్యానికి ఏ కాలం వాడాలన్నా ముందు మీ ఇంట్లో మాట్లాడే తెలుగులో చెప్పండి అని అడిగేదాన్ని. మత్స్యకారుల పిల్లలు, కళాసీల పిల్లలు, వాళ్ళ మాటలో చెప్పడానికి మొదట సిగ్గుపడేవారు. ఏది ముందు జరిగింది, ఏది వెనక జరిగింది, వేళ్ళు పెట్టి చూపించమనేదాన్ని. అప్పుడుగాని సుద్దముక్క తీసేదాన్ని కాదు. ఇదంతా గొప్ప పద్ధతని ఇన్‌స్పెక్టరు మెచ్చుకున్నాడు. అది అత్త పద్ధతే. ఇప్పటి పిల్లలకి ఆ బాధ లేదు. ఫోను గీత గీస్తుంది, వేలు తగిలిస్తే మాట మారిపోతుంది. అది తప్పని నేననను. నేను పదిహేడేళ్ళప్పుడు చేసిందీ అదే, వాక్యాన్ని చూశాను గాని మెట్టు మీద కూర్చున్న మనిషిని చూడలేదు. తేడా ఏమిటంటే అప్పుడు ముందుగదిలో, ఒకసారి చదివి వినిపించమని అడిగే మనిషి ఉండేది. ఇప్పుడు నన్నెవరైనా అడిగితే, ఉంచమ్మా అని ఒక్క మాటతో సరిపెట్టేస్తున్నాను. అలసిపోయాను. ఇన్నేళ్ళు చెప్పి చెప్పి అలసిపోయానో, ఆ ఒక్కటీ అన్నేళ్ళు చెప్పకుండా మోసి అలసిపోయానో నాకే తెలియదు.

నేను బడిలో చేరిన కొన్నేళ్ళకి, ఒక వర్షాకాలం మధ్యాహ్నం, అత్త కుర్చీలో కూర్చునే పోయింది. ఆమె పేర ఇంట్లో జరిగిన ఆదరణ కూడిక రోజున నాయుడు వచ్చాడు. జుట్టు నెరిసింది, ముంజేతుల నిండా నిప్పురవ్వల మచ్చలు. చెప్పులు గేటు బయటే విడిచి, లోపలికి రాకుండా వరండాలో ఒక మూల నిలబడ్డాడు. పాటలు, ప్రార్థన అయ్యాయి. అందరూ భోజనాలకి లేస్తున్నప్పుడు నేను వెళ్ళి ఆయన పక్కన నిలబడ్డాను. ఎక్కడ మొదలుపెట్టాలో తెలియలేదు. మావయ్యా, ఆ కాగితంలో తప్పు రాసింది నేను, అన్నాను. హ్యాడ్ గురించి చెప్పాను, పాటల ప్రాక్టీసు గురించి చెప్పాను, అత్త చదవమంటే చదవలేదని చెప్పాను. ఆయనకి ఎంత అర్థమైందో తెలియదు. నా మాట పూర్తయ్యేదాకా నేల చూస్తూ ఉన్నాడు.

“అయితే నాను పొద్దున్నే సెప్పినాననే నీతో అన్నాను గదా?” అన్నాడు.

“అన్నావు మావయ్యా. లోడు పడీటప్పటికే నాను మేస్త్రీకి సెప్పీసినాను అన్నావు. నీ మాట అలాగే రాసుకున్నాను. ఇప్పటికీ నా దగ్గరుంది.”

ఆయన స్తంభానికి చెయ్యి ఆన్చి అలాగే కూర్చున్నాడు. కళ్ళు తుడుచుకోలేదు, నీళ్ళు అలా కారుతూనే ఉన్నాయి.

“అందరూ అదే అడిగీసరికి నాకే అనుమానం వొచ్చీసినాది పాపా,” అన్నాడు. “కాయితంలో ఉన్నాది గదా, పడ్డాకే సెప్పినానేటో, పొద్దున్న సెప్పినట్టు నాకు నానే ఊహించుకున్నానేటో అనుకున్నాను. ఇన్నేళ్ళూ అదే. ఎర్రిగాడి కాలు నానే తీసీసినాననుకున్నాను.”

నా భయమంతా ఆయన ఉద్యోగం గురించే, ఆయన నన్ను అసహ్యించుకుంటాడనే. ఆయన ఇన్నేళ్ళూ తన మాటనే తాను నమ్మలేకపోతున్నాడని నాకు ఊహకైనా అందలేదు. ఆయన ముఖం తుడుచుకుని, నెమ్మదిగా, అప్పుడే సెప్పుంటే బాగున్ను పాపా, అన్నాడు. కోపం లేదు ఆ మాటలో. తరవాత, నువ్వు ఓపాలి నాతో వొచ్చి ఎర్రిగాడోల్లకి సెప్తావేటి, అని అడిగాడు.

ఆ వచ్చే ఆదివారం ఇద్దరం బస్సెక్కి మల్కాపురం వెళ్ళాం. ఎర్రయ్య ఇంటి ముందు తాటాకు పందిరి కింద నులకమంచం మీద కూర్చుని వల అల్లుతున్నాడు. పక్కన చంకకర్ర. నాయుణ్ణి చూసి చేతులు ఆపాడు గాని పలకరించలేదు. భార్య లోపల్నుంచి వచ్చి గుమ్మంలో నిలబడింది. నేను నోటుపుస్తకం తీసి, నాయుడు ఆవేళ చెప్పింది మొదట్నుంచి చివరిదాకా ఆయన మాటలోనే చదివాను. కంపెనీకి వెళ్ళిన కాగితంలో అది ఎలా మారిందో, ఎవరు మార్చారో చెప్పాను. చదువుతున్నంతసేపూ నాయుడు ఎండలో నిలబడే ఉన్నాడు, బడిలో పిల్లాడు ఫలితం కోసం నిలబడ్డట్టు. చదవడం అయిపోయింది. పక్కింట్లో రేడియో మోగుతోంది. ఎర్రయ్య నా వైపు చూసి, మేస్త్రీ ఏటన్నాడని రాసుంది, మల్లీ సదువు అన్నాడు. ఓడ వెళ్ళిపోవాలి, ఇవాళ్టికి దీంతోనే లాగెయ్యి అన్న ముక్క మళ్ళీ చదివాను. ఆయన తల పంకించి, ఆడు అలగే అంతాడు, అన్నాడు.

భార్య లోపలికి వెళ్ళి ఒక పీట తెచ్చి పందిరి నీడలో వేసింది. నాయుడు దాని వైపు చూశాడే గాని కదల్లేదు.

“ఎంతసేపు నిలబడతావు,” అన్నాడు ఎర్రయ్య, వల పక్కకి జరుపుతూ. “కూకో బావా.”

నన్ను కూడా కూర్చోమన్నారు, టీ తాగి వెళ్ళమన్నారు. బస్సుకి వేళైందని చెప్పి వచ్చేశాను. వీధి చివరికొచ్చాక తిరిగి చూస్తే ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు. ఎర్రయ్య వల అల్లుతున్నాడు, నాయుడు పీట మీద వంగి, చిక్కుపడ్డ దారం అందుకుని విప్పుతున్నాడు.